ఉలవయ్య ఉడత మూడో గడి

మంగళవారం పొద్దున, ఇడ్లీ రేకులు పొయ్యి మీదికి ఎక్కే వేళకి, చింతలకోట వీధుల్లో మైకు కట్టిన ఆటో ఒకటి తిరిగింది.

"ప్రజలందరికీ తెలియజేయడమేమనగా! మీ మీ గృహములలో ఉలవయ్య ఉడత బొమ్మల కాగితపు ముక్కలు ఏవైనా ఉన్నయెడల ఏడు దినములలోగా స్వచ్ఛందముగా, తప్పనిసరిగా, బాల్యస్మృతుల శాఖ వారికి తెలియజేయవలెను. దాచినవారిపై తగు చర్య తీసుకోబడును!"

వీధి వీధంతా విన్నది. కొళాయి దగ్గర ఆడవాళ్లు ఓసారి తలెత్తి చూసి మళ్లీ బిందెల వరస గురించి పోట్లాటలో పడ్డారు. భూలక్ష్మి చేతిలోంచి మాత్రం గరిటె జారి కిందపడింది.

భూలక్ష్మి చదివింది ఎనిమిదో తరగతి దాకానే. భయపడటం మాత్రం ఎవరూ చెప్పకుండానే పై తరగతుల దాకా నేర్చుకుంది. ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందనుకుంటుంది. మోగకపోతే, చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకుంటుంది. కూతురు హిమబిందుకి రాజధానిలో ఉద్యోగం వచ్చిందని ఉత్తరం వస్తే, వీధంతా మిఠాయి పంచి, ఇంట్లోకొచ్చి కూర్చుని ఏడ్చింది. పిల్ల ఉండబోయే హాస్టల్లో కూరలు నీళ్లలా ఉంటాయట. నీళ్ల కూర తింటే పిల్ల చిక్కిపోతుంది. చిక్కిపోతే కళ్లు తిరుగుతాయి. కళ్లు తిరిగేది ఎక్కడో? సరిగ్గా బస్సు దిగేటప్పుడు. ఇంతటి ప్రమాదానికి ఆవిడకి తోచిన మందు ఒక్కటే: జాడీ నిండా ఆవకాయ. పిల్ల రైలు ఆదివారం సాయంత్రం. బుధవారం కాయ కొట్టించి ముక్కలు కలిపితే శుక్రవారం తిరగకలపొచ్చు, ఆదివారానికి ఊట దిగుతుంది. లెక్క అంతా సరిపోయింది. ఈ లోపల ఈ ఆటో వచ్చింది.

ఉలవయ్య ఎవరో తెలియని చిన్నవాళ్ల కోసం చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట ఆదివారం పొద్దున టీవీలో తలపాగా చుట్టుకున్న ఓ ఉడత వచ్చేది. ప్రతివారం ఎవరి తోటలోకో దొంగతనానికి పోయేది. జనానికి అది ఎంత నచ్చిందంటే, ఓ పత్రిక వారు ఆ ఉడతనే రోజూ మూడు గడుల బొమ్మగా వేయడం మొదలుపెట్టారు. మొదటి గడిలో ఉలవయ్యకి ఆలోచన వచ్చేది. రెండో గడిలో కొమ్మ మీంచి దూకేవాడు. మూడో గడిలో ఏదో అయ్యేది. టీవీ లేని ఇళ్ల పిల్లలకి ఆ మూడు గడులే టీవీ. ఆదివారం కరెంటు పోయినవాళ్లకి సోమవారం పేపరే దిక్కు.

ఆ పిల్లలందరికీ ఇప్పుడు నలభై దాటింది. షుగరొచ్చింది, బీపీ వచ్చింది, వాటితోపాటే ఉలవయ్య మీద బెంగ కూడా వచ్చింది. బెంగపడ్డవాళ్లలో కొందరు పెద్ద పెద్ద కుర్చీల్లో ఉండటంతో అది ప్రభుత్వ బెంగ అయింది. దానికో శాఖ, శాఖకో భవనం, భవనంలో ఓ ప్రదర్శనశాల. పత్రిక వారి గోడౌన్లో పాత ప్రతులన్నీ చెదలు తినేశాయని తేలాక, ఊరూరా తిరిగి ముక్కలు ఏరడం మొదలుపెట్టారు. మొత్తం వెయ్యినలభై బొమ్మల్లో ఒక్కటి తప్ప అన్నీ దొరికాయి. దొరకనిది ఆరువందల పన్నెండోది. దాని మూడో గడిలో ఉలవయ్య కిందపడ్డాడని కొందరూ, గాలిపటం తోక పట్టుకుని ఎగిరిపోయాడని కొందరూ వాదించుకుని, పతనవాద సంఘం, గగనవాద సంఘం అని రెండు సంఘాలు పెట్టుకున్నారు. రెండు సంఘాల వాళ్లూ ఆ గడిని కళ్లారా చూశామనే చెబుతారు. చెబుతూ కళ్లు తుడుచుకుంటారు.

భూలక్ష్మి వంటింట్లో పై అర మీద, ఆవకాయ జాడీ కింద, ఓ పాత పేపరు ఉంది. అది అత్తగారు పరిచిన పేపరు. ప్రతి దసరాకీ అరలన్నిటికీ కొత్త పేపర్లు వేసే భూలక్ష్మి, ఆ ఒక్క అర జోలికి పోదు. అత్తగారు పరిచింది తీసేశాక ఆ ఏడు ఆవకాయ బూజు పడితే? ఆ భయంతో ఇన్నేళ్లూ దాన్ని కదపలేదు. జాడీ పక్కన, నూనె ఓడి పసుపురంగు తిరిగిన ఆ కాగితం మీద, తలపాగా ఉడత రెండు గడుల్లో కనిపిస్తూనే ఉంటుంది. మూడో గడి జాడీ కింద.

"ఏవండీ, మనింట్లో ఉంది కదండీ ఆ ఉడత!" అంది గుండె మీద చెయ్యి వేసుకుని.

భర్త వీర్రాజు బస్సు గ్యారేజీలో టైర్ల పని చేస్తాడు. గాలి ఎక్కువైన చోట తగ్గించడం ఆయన వృత్తి. "ఉంటే ఉంది. దానికేమన్నా అన్నం పెట్టమన్నారా? ఊరుకో," అన్నాడు.

"చర్య తీసుకుంటారంటండీ!"

"పచ్చడి జాడీ కింద కాయితానికి ఉరిశిక్ష వెయ్యరే తల్లీ."

"ఉరి వెయ్యరు, పిల్ల ఉద్యోగం తీసేస్తారు. తల్లి ఉడతని దాచిందని రాస్తారు కాయితం మీద. అప్పుడేం చేస్తారు?"

"అమ్మా, నాది బ్యాంకు ఉద్యోగమే. ఉడతలకీ దానికీ సంబంధం లేదు," అంది హిమబిందు, పెట్టె సర్దుకుంటూ.

"ఇప్పుడు లేదు. తరవాత ఉంటుంది," అని భూలక్ష్మి చెప్పులేసుకుంది.

శాఖ వారి కార్యాలయంలో, ఆటో తిరగడం మొదలయ్యాక స్వచ్ఛందంగా వచ్చిన మొదటి మనిషి ఆవిడే. గుమాస్తాకి ఏం చెయ్యాలో తోచక కుర్చీ వేశాడు. ఆవిడ చెప్పింది రాసుకుంటూ రాసుకుంటూ, "రెండో గడిలో ఉడత చేతిలో ఏవుందమ్మా?" అన్నాడు.

"గొడుగండి."

గుమాస్తా కలం పక్కన పెట్టాడు. వెయ్యినలభై బొమ్మల్లో ఉలవయ్య గొడుగు పట్టుకుని దూకింది ఒక్కసారే, ఆ ఆరువందల పన్నెండోదానిలో.

బుధవారం పొద్దున్న పదింటికి, హాల్లో పాత పంచె మీద మామిడి ముక్కలు ఆరుతున్నాయి. భూలక్ష్మి ఒక్కో ముక్కా గుడ్డతో తుడుస్తోంది. గుమ్మంలో మూడు జీపులు ఆగాయి. దిగినవాళ్లలో అందరికన్నా పొడుగాయన ప్రాంతీయ స్మృతి అధికారి విశ్వంభరం. తిన్నగా వంటింట్లోకి వెళ్లి, స్టూలెక్కి, అర మీదికి తొంగిచూసి, ఆ స్టూలు మీదే నిలబడి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"సదరు ఉలవయ్యే! నేను నాలుగో తరగతిలో ఉండగా సదరు బొమ్మను చూచి నవ్వినందుకు లెక్కల మాస్టారు నన్ను బెంచీ ఎక్కించారు. తిరిగి నేడు స్టూలుపై నిలబడి చూచుచున్నాను!"

కళ్లజోడు పెట్టుకుని స్టూలు దిగాడు. దిగాక అధికారి అయ్యాడు.

"ఈ వంటగది ఈ క్షణము నుండి స్మృతిస్థలముగా ప్రకటించబడినది. యథాతథస్థితి కొనసాగించబడును. సదరు అర మీద గల ఏ వస్తువును గానీ కదుపుట, జరుపుట, తుడుచుట, వాసన చూచుట నిషేధము."

"అయ్యా, ఆ జాడీ ఒక్కటీ దింపుకుంటానండి. ముక్కలు ఆరిపోతున్నాయి," అంది భూలక్ష్మి చేతులు జోడించి.

"అమ్మా, సదరు జాడీ వస్తువు కాదు. అది మూడవ గడికి పైకప్పు."

"పైకప్పు ఏవిటండీ, అది మా అత్తగారి జాడీ అండి!"

"కావచ్చును. నిపుణుల బృందము వచ్చి, పరిశీలించి, సిఫారసు చేసిన పిమ్మట దింపవచ్చును."

"ఎప్పుడొస్తారండీ?"

"బృందమును నియమించుటకు సంఘమును నియమించవలసి యున్నది."

వంటింటి గుమ్మానికి ఎర్రరంగు రిబ్బను కట్టారు. వీర్రాజు భార్యని పక్కకి పిలిచి, "వేరే జాడీ కొనుక్కొస్తానే, బజార్లో బోలెడున్నాయి," అన్నాడు.

"కొత్త జాడీలోనా? కొత్త జాడీ ఎలా ఊరుతుందో ఎవరికి తెలుసండీ? బూజు పడుతుంది. హాస్టల్లో దీపాలు చాలవు, పిల్లకి బూజు కనపడదు. తినేస్తుంది. అర్ధరాత్రి కడుపునొప్పి. పక్క మంచం పిల్ల చెవుల్లో ఏవో పెట్టుకుని పడుకుంటుంది..."

"సరే సరే, అక్కడితో ఆపు," అన్నాడు వీర్రాజు. ఆయనకే కడుపులో నొప్పి మొదలైనట్టయింది.

భూలక్ష్మి ముక్కల వంక చూసింది. సాయంత్రం లోపల కలపకపోతే మెత్తబడిపోతాయి. కూతురి వంక చూసింది. ఆదివారంలోగా కలపకపోతే బస్సు దగ్గర కళ్లు తిరిగి పడిపోతుంది. మామూలుగా పోస్టుమాన్ని చూసినా నోరు పెగలని మనిషి, కొంగు దోపుకుని రిబ్బను దగ్గరికి నడిచింది.

"అయ్యా, ఓ మాట. మీ దగ్గరున్న కాయితాలన్నీ ఎలా ఉన్నాయండి?"

"అత్యంత శిథిలావస్థలో ఉన్నవి. ముట్టినచో పొడియగుచున్నవి."

"మరి మా ఇంటిది పొడవ్వలేదు కదండీ. ఎందుకవ్వలేదు? ఏటేటా ఆవకాయ పెడతాను, జాడీ అంచు మీంచి నూనె ఓడుతుంది, కాయితం పీల్చుకుంటుంది. ఈ ఏడు నూనె పడకపోతే అది ఎండిపోతుందండి. ఎండితే పగులుతుంది. పగిలితే ఆ పాపం ఎవరిదో మీరే చూసుకోండి."

విశ్వంభరం ముఖంలో రంగు మారింది. ప్రతిదానికీ చివర ఏం ముంచుకొస్తుందో అంత వివరంగా చెప్పగలిగే మనిషిని ఆయన తన శాఖలో కూడా చూడలేదు. ఫోను తీసుకుని వరండాలోకి పోయాడు. అరగంటలో రాజధానిలో నూనెమరకల ఉపసంఘం ఏర్పడింది. మరో అరగంటలో సిఫారసు చేసింది. మూడింటికల్లా ఉత్తర్వు చదివి వినిపించాడు.

"పరిరక్షణ దృష్ట్యా సదరు జాడీయందు ఆవకాయ పెట్టుట అత్యవసర చర్యగా పరిగణించబడినది. జాడీని కదపకుండా, పూర్వ పద్ధతిలో, శాఖ పర్యవేక్షణలో పెట్టవలెను."

అప్పుడు మొదలైంది ప్రభుత్వ ఆవకాయ. హాల్లో పెద్ద పళ్లెం. చుట్టూ చేతులకి తొడుగులు వేసుకున్న నలుగురు ఉద్యోగులు. ఒకరు ఫొటోలు, ఒకరు కొలతలు, ఒకరు సంతకాలు, ఒకరు తుమ్ములు.

"ఆవపిండి, కారము నమోదైనవి. లవణము ఎంత?" అన్నాడు విశ్వంభరం.

"తగినంతండి."

"తగినంత అనగా ఎన్ని గ్రాములు?"

"తగినంతంటే తగినంతేనండి. చేతికి తెలుస్తుంది."

"చేతికి తెలిసినది దస్త్రమునకు తెలియవలెను గదా!"

"అయితే దస్త్రాన్నే కలపమనండి," అంది హిమబిందు గుమ్మం దగ్గరనుంచి. తల్లి కళ్లురిమింది. కుడిచేత్తో ఉప్పు ఎత్తి పళ్లెంలో వేసింది. విశ్వంభరం కాసేపు ఆలోచించి, "లవణము: దాత హస్తప్రమాణము" అని రాయించాడు.

భూలక్ష్మి స్టూలెక్కి, కలిపిన ముక్కల్ని గుప్పిళ్లతో జాడీలోకి ఎత్తి, పైన పప్పునూనె పోసింది. నూనె అంచు దాటి, జాడీ ఒంటి మీదుగా ధారలా దిగి, ఉలవయ్య గొడుగుని తడిపింది. నలుగురు ఉద్యోగులూ చప్పట్లు కొట్టారు. భూలక్ష్మికి ఆటో వచ్చిన దగ్గర్నుంచి మొదటిసారి ఊపిరి ఆడింది.

"పిల్ల ఆదివారం వెళ్లేటప్పుడు కట్టిస్తానండి," అంది చెయ్యి కడుక్కుంటూ.

"ఏమి కట్టిస్తారు?"

"ఆవకాయండి."

"అమ్మా, అది ఇప్పుడు ఆవకాయ కాదు. పరిరక్షణ పదార్థము. ఉత్తర్వు ప్రకారము పెట్టబడినది గావున ప్రభుత్వమునకు చెందును. ముక్క గూడా తీయరాదు."

భూలక్ష్మి అక్కడే పీట మీద కూలబడింది. ఆ రాత్రే గాక, మరుసటి రోజంతా కూడా ఆవిడ నోట మాట లేదు. వీర్రాజుకి అది చూసి నిజంగా భయమేసింది. ఇంట్లో భయపడే పని ఎప్పుడూ ఆవిడదే కావటంతో ఆయనకి అలవాటు లేదు, ఏం చెయ్యాలో తెలియక సైకిలుకి నాలుగుసార్లు గాలి కొట్టాడు.

శుక్రవారం పొద్దున్న విశ్వంభరం వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, నూనెమరక నిన్నటికంటే ఎంత పెరిగిందో పుస్తకంలో రాస్తున్నాడు. కాగితానికి రోజూ కాస్త నూనె తడి అందించాలని ఉత్తర్వులో ఉంది కాబట్టి భూలక్ష్మిని మాత్రం రిబ్బను దాటి రానిస్తున్నారు. ఆవిడ లోపలికి వెళ్లింది. శుక్రవారం అంటే మూడో రోజు. మూడో రోజు ఆవకాయ తిరగకలపాలి. ఇరవై నాలుగేళ్లుగా ఆ చేతులు ఆ పని చేస్తున్నాయి. వాటికి ఉత్తర్వుల సంగతి తెలియదు. ఆవిడ స్టూలెక్కింది. జాడీని పొట్టకి ఆనించి పట్టుకుంది. దిగింది. అటూ ఇటూ ఓసారి ఎత్తి చూసుకుంది. పీట మీద పెట్టింది. మూత తీసి పొడి గరిటె లోపల దించింది.

ఘుమఘుమకి విశ్వంభరం తలెత్తాడు.

"అమ్మా!"

భూలక్ష్మి కూడా అప్పుడే తానేం చేసిందో చూసుకుంది. గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. అర మీద రెండు గడులు ఉన్నాయి. మూడోది ఉండవలసిన చోట జాడీ అడుగంత గుండ్రని ఖాళీ.

"మూడవ గడి ఏది? మూడవ గడి ఏదమ్మా?"

"జాడీ అడుగున అంటుకునుంటుందండి," అంది ఆవిడ. "ఏటా అంతేనండి. లేస్తే దాంతోనే లేస్తుంది, పెడితే మళ్లీ అక్కడే కూచుంటుంది. అడుక్కి నీళ్లు తగలనివ్వనండి, బూజు పడుతుందని."

"అనగా... దింపునపుడు మీరు చూచితిరా?" విశ్వంభరం గొంతు తగ్గించాడు. రెండు సంఘాలూ, ఓ శాఖా, వెయ్యిముప్పైతొమ్మిది బొమ్మలూ ఆ గొంతులో ఉన్నాయి. "ఎత్తి చూచితిరి గదా. పడెనా? ఎగిరెనా?"

"నేను జాడీ బీట తీసిందేమోనని చూశానండి. బొమ్మ ఎవరు చూశారు!"

"బీట?"

"లేదండి. దేవుడి దయ."

విశ్వంభరం నేల మీద బోర్లా పడుకుని జాడీ కిందికి చూడబోయాడు. పీట అడ్డమొచ్చింది. జాడీని వంచుదామా అంటే మెడ దాకా నూనె. ఎత్తి చూద్దామా అంటే, అప్పుడే ఆయనకి శాఖ చట్టంలో ఆరో సెక్షను గుర్తొచ్చింది: స్మృతిచిత్రములపై వెలుతురు పడరాదు, పడినచో రంగు వెలియును. లేచి, చొక్కా దులుపుకుని, గంభీరంగా అన్నాడు.

"చూడకుండుటయే పరిరక్షణ. సదరు గడిని ఇకపై ఎవరునూ చూడరాదు."

జాడీ అడుగుకి, ఆయన కళ్లు మూసుకుని పట్టుకోగా, నల్లగుడ్డ కట్టారు. జాడీ ఇప్పుడు పైకప్పు కాదు, మూడో గడే అయిపోయింది. దాన్ని రాజధానిలో ప్రదర్శనశాలకి తరలించాలని మధ్యాహ్నానికి ఉత్తర్వు వచ్చింది. ఖాళీ చేస్తే బరువు మారి కాగితం ముడతపడొచ్చు కనక ఆవకాయతోనే తరలించాలి. కుదపకూడదు, వంచకూడదు. శాఖలో అంతమందిలోనూ నిండు జాడీని ఒడిలో పెట్టుకుని పదిగంటలు రైల్లో కూర్చున్న అనుభవం ఎవరికీ లేదు.

"మా అమ్మాయి ఆదివారం అక్కడికే వెళ్తోందండి," అంది భూలక్ష్మి నెమ్మదిగా.

"అనుభవము కలదా?"

"కాలేజీకి చారు గిన్నె మోసుకెళ్లిందండి మూడేళ్లు. చుక్క ఒలకలేదు."

హిమబిందు నోరు తెరిచింది. తల్లి చూపు చూసి మూసుకుంది.

"ఇంకో మాటండి," అంది భూలక్ష్మి. భయంలోంచి వచ్చే ధైర్యం ఒకటుంటుంది, అది ఒకసారి వచ్చాక ఆగదు. "ఊరికే అలా వదిలేస్తే ఆవకాయ పైన పొర కడుతుందండి. పొర కడితే పులుస్తుంది. పులిస్తే పొంగుతుంది. పొంగిందంటే ఆ బొమ్మ గతేంటో చెప్పక్కర్లేదు. రోజూ మధ్యాహ్నం ఓ గరిటె తీస్తూ ఉండాలి. అలవాటైన చెయ్యే తియ్యాలి."

"తీసిన పదార్థమును ఏమి చేయవలెను?"

"వేడన్నంలో వేసి నిర్మూలించాలండి."

విశ్వంభరం అక్షరం మార్చకుండా రాసుకున్నాడు.

ఆదివారం సాయంత్రం హిమబిందు రైలెక్కింది. కిటికీ పక్క సీటులో ఆమె, ఒడిలో జాడీ, పక్కన తుపాకీతో ఒక పోలీసు. తోడుగా పోలీసు ఉండటంతో భూలక్ష్మి ఏడవాల్సినంత ఏడవలేదు. పోలీసు నిద్రపోతే తుపాకీ పేలుతుందేమో అని మాత్రం కాస్త ఏడ్చింది.

మంగళవారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"ఏమైందే? కళ్లు తిరిగాయా?"

"లేదమ్మా! బ్యాంకుకీ ప్రదర్శనశాలకీ మధ్య ఒకటే సందు. ఒంటిగంటకి అన్నం డబ్బా పట్టుకుని వెళ్తే అద్దాల పెట్టె తాళం తీస్తున్నారు. గరిటె తీసుకుని అక్కడే బల్ల మీద కూర్చుని తింటున్నా. గౌరవ నిర్మూలన అధికారి అని బిళ్ల కూడా ఇచ్చారు."

"జనం చూస్తుంటారా?"

"వరసల్లో వస్తున్నారమ్మా. బొమ్మ కనపడదు, నల్లగుడ్డ కట్టిన జాడీయే. అయినా చూసి కళ్లు తుడుచుకుంటున్నారు. ఇవాళ ఓ పెద్దాయన, అదిగో పడ్డాడు చూశావా అని మనవడికి చూపిస్తున్నాడు."

"వాళ్ల దిష్టి తగుల్తుందే! గోడవైపు తిరిగి తిను."

నెల తిరక్కుండా రాజముద్ర వేసిన కవరు వచ్చింది. భూలక్ష్మి దాన్ని దేవుడి గూట్లో పెట్టి, దణ్ణం పెట్టి, వీర్రాజు డ్యూటీ నుంచి వచ్చేదాకా ముట్టలేదు. ఆయన చింపి చదివాడు.

"అయ్యా లేక అమ్మా. మూడవ గడియందలి పరిరక్షణ పదార్థము అంచనాలకు మించి క్షీణించి అడుగంటినది. కావున మరియొక పన్నెండు కిలోలు సత్వరము తయారుచేసి పంపవలసినదిగా కోరడమైనది. ఇట్లు, డైరెక్టరు. ఉపసంఘ సభ్యులు, పతనవాద సంఘం, గగనవాద సంఘం వారి సంతకములు."

వీర్రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పన్నెండు కిలోలే! మనమ్మాయి ఒక్కత్తీ ఏం తింటుంది? శాఖ శాఖంతా కూర్చుని నిర్మూలిస్తున్నట్టుంది. రెండు సంఘాలూ ఒకే బల్ల మీదికి చేరాయన్నమాట!"

భూలక్ష్మి నవ్వలేదు. ఆవిడ ముఖంలో రక్తం చుక్క లేదు.

"అంతమందీ తింటున్నారా? ఎలా తింటున్నారండీ? నెయ్యి వేసుకుంటున్నారా? అందరూ నలభై దాటినవాళ్లు. ఉత్త అన్నంలో అంత కారం తింటే కడుపులో పుండు పడుతుంది. ఒకరికి పడితే సరే అనుకుందాం, డైరెక్టరుగారికే పడితే? ఏవండీ, కలం తీయండి. ముందు జవాబు రాయండి."

పదిహేను రోజుల తరవాత బాల్యస్మృతుల శాఖ వారి ప్రదర్శనశాలలో, అద్దాల పెట్టె పక్కన, ఇత్తడి పలక మీద చెక్కిన కొత్త నిబంధన ఒకటి వెలిసింది. దాని కింద, ప్రభుత్వ ఖర్చుతో, గిన్నెడు నెయ్యి ఉంచారు.

"నెయ్యి లేకుండా ఎవరునూ బాల్యమును జ్ఞాపకము చేసికొనరాదు."